ఒకే బిరుదు – పలువురు ధారకులు: రింగ్ ఆఫ్ ఆనర్ ఛాంపియన్‌షిప్ చరిత్ర – కథన పరిశీలన

వ్యాససంగ్రహం:

ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో జయాపజయాలు ముందే నిర్ణయమవుతాయి. అందువల్ల అందులోని ఛాంపియన్ల పట్టికను క్రీడాచరిత్రగా స్వీకరించలేం. అలాగని దానిని కేవల కల్పనగా తోసిపుచ్చడమూ సాధ్యం కాదు. అమెరికాలో 2002లో ఆరంభమైన రింగ్ ఆఫ్ ఆనర్ అనే స్వతంత్ర సంస్థ ప్రపంచ ఛాంపియన్‌షిప్ చరిత్రను ఒక కథనపాఠంగా స్వీకరించి, అందులోని కాలపరిమాణం, మౌనాలు, పాఠసమస్యలు, కల్పనకూ యథార్థానికీ గల సంబంధం అనే అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగు విమర్శకు సుపరిచితమైన ఇతివృత్త భేదాలు, శాసన వంశావళుల నిర్మాణం ఈ పరిశీలనకు ఉపకరణాలు.

కీలకపదాలు: ప్రొఫెషనల్ రెజ్లింగ్, రింగ్ ఆఫ్ ఆనర్, ఛాంపియన్‌షిప్ పట్టిక, మిశ్రమ ఇతివృత్తం, కథనకాలం, జనప్రియ సంస్కృతి.

1. ఉపోద్ఘాతం:

రెజ్లింగ్ ప్రస్తావన వచ్చినప్పుడు సాధారణంగా వినిపించే మాట ఒకటుంది: "అదంతా ఉత్తుత్తి కుస్తీ కదా!" ఈ మాటలో సగం నిజముంది. ఎవరు గెలవాలో, బిరుదు ఎవరి నుంచి ఎవరికి చేరాలో ముందుగా నిర్ణయించే వ్యక్తిని ఆ రంగంలో బుకర్ అంటారు. బుకర్ ఒక విధంగా ప్రయోక్త, మరొక విధంగా కథకుడు. అయితే వీధినాటకంలో హిరణ్యకశిపుడు చనిపోతాడని ముందే తెలిసిన ప్రేక్షకుడు ఆ కారణంగా ఆట మధ్యలో లేచిపోడు. ఫలితం ముందే నిర్ణయమై ఉండటం కళకు దోషం కాదు. ఆ ఫలితానికి చేర్చే తీరే విమర్శకు విషయం.

ఫ్రెంచి విమర్శకుడు రొలాఁ బార్త్ 1957లో ప్రచురించిన 'మిథాలజీస్' గ్రంథం రెజ్లింగ్ పై వ్యాసంతోనే మొదలవుతుంది. బాక్సింగ్‌లో కాలక్రమంలో రూపొందే కథ ఉంటుందని, రెజ్లింగ్‌లో మాత్రం ప్రతి క్షణమూ స్వయంగా అర్థవంతమని, అక్కడ కాలగమనానికి ప్రాధాన్యం లేదని ఆయన అభిప్రాయం. ఒక పోటీని విడిగా చూసినంతవరకు ఈ అభిప్రాయం చెల్లుతుంది. కానీ ఛాంపియన్‌షిప్ చరిత్ర అనే రూపాన్ని పరిశీలిస్తే కాలమే అక్కడి ప్రధాన వస్తువు అని తెలుస్తుంది. పేరు, తేదీ, స్థలం, ధరించిన రోజుల సంఖ్య అనే నాలుగు గడులలో ఏళ్ల తరబడి సాగిన కథ ఇమిడి ఉంటుంది. ఆ కథను చదివే పద్ధతి ఏది అన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న.

2. సంస్థ ఆవిర్భావం – బిరుదు స్థాపన:

2001 మార్చిలో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ తన ప్రధాన ప్రత్యర్థి డబ్ల్యూసీడబ్ల్యూను కొనుగోలు చేసింది. ఫిలడెల్ఫియా కేంద్రంగా ప్రసిద్ధికెక్కిన ఈసీడబ్ల్యూ కూడా అదే సంవత్సరం మూతపడింది. ఈసీడబ్ల్యూ వీడియో టేపులు అమ్ముతూ వచ్చిన ఆర్ఎఫ్ వీడియో అనే వ్యాపారసంస్థకు అమ్ముకోవడానికి కొత్త సరుకు అవసరమైంది. దాని అధిపతి రాబ్ ఫైన్‌స్టీన్ స్థాపించినదే రింగ్ ఆఫ్ ఆనర్. తొలి ప్రదర్శన 2002 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలో జరిగింది. ఆనాటి ప్రధాన పోటీలో బ్రయాన్ డేనియల్సన్, క్రిస్టఫర్ డేనియల్స్‌లపై లో కీ విజయం సాధించాడు.

టెలివిజన్ ప్రసారం లేకుండా టేపులు, డీవీడీల అమ్మకంపై ఆధారపడిన సంస్థ కావడం ఇక్కడ గమనార్హం. ప్రేక్షకుడు ప్రదర్శనలను వరుసగా కొని, దాచుకొని, మళ్లీ చూసేవాడు. అటువంటి ప్రేక్షకుడు పాఠకుడితో సమానం. పూర్వాపర విరోధాలు అతని దృష్టిని తప్పించుకోలేవు. కథకు కొనసాగింపు ఉండాలన్న నియమం ఈ సంస్థలో బలపడటానికి ఈ వ్యాపారపద్ధతి ఒక కారణమని భావించవచ్చు. పోటీకి ముందు, తరువాత మల్లులు చేతులు కలపాలన్న 'కోడ్ ఆఫ్ ఆనర్' సంస్థకు మూలసూత్రం. తొలిరాత్రే డేనియల్స్ చేయి కలపడానికి నిరాకరించాడు. నియమమూ, దాని ఉల్లంఘనా ఒకేసారి పుట్టాయి. కథకు బీజం పడింది.

2002 జూలై 27న లో కీ, డేనియల్స్, స్పాంకీ, డగ్ విలియమ్స్ అనే నలుగురి మధ్య 60 నిమిషాల పోటీ జరిపి, అందులో గెలిచిన లో కీని తొలి ఛాంపియన్‌గా ప్రకటించారు. సంస్థ పుట్టిన ఐదు నెలల దాకా బిరుదును ప్రవేశపెట్టకపోవడం వల్ల, దానిని ధరించదగిన వారెవరన్న ఉత్కంఠ ముందుగా ఏర్పడింది.

3. వంశావళితో పోలిక:

తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలలో రాజుల వరుసతో పాటు ఒక్కొక్కరి పాలనాకాలం కనిపిస్తుంది. కుబ్జ విష్ణువర్ధనుడికి 18 సంవత్సరాలు, తాళపుడికి ఒక నెల. యుద్ధాలు, కుట్రలు, జ్ఞాతివైరాలు ఆ అంకెల వెనుక దాగి ఉంటాయి. ఒక నెల అన్న చోట చదువరి ఆగుతాడు. అక్కడేదో జరిగిందని ఊహిస్తాడు. ఛాంపియన్ల పట్టిక నిర్మాణం సరిగ్గా ఇటువంటిదే.

ఒక భేదాన్ని మాత్రం గుర్తించాలి. మన శాసనాలలోని బిరుదావళిలో ఒకే రాజుకు అనేక బిరుదులుంటాయి. ఇక్కడ బిరుదు ఒక్కటే, ధారకులు అనేకులు. కాబట్టి ఈ కథలో నాయకస్థానం ఏ మల్లుడిదీ కాదు, బిరుదుదే. మనుషులు వస్తారు, వెళతారు, బిరుదు మిగులుతుంది. వెళ్లినవారి గౌరవం బిరుదుకు చేరుతుంది, బిరుదు గౌరవం తరువాత వచ్చినవారికి సంక్రమిస్తుంది.

4. కాలపరిమాణం – లయ:

లో కీ 56 రోజులు, జేవియర్ 182, సమోవా జో 645, ఆస్టిన్ ఏరీస్ 174, సీఎం పంక్ 55, జేమ్స్ గిబ్సన్ 36, బ్రయాన్ డేనియల్సన్ 462, హోమిసైడ్ 56, తకేషి మొరిషిమా 231, నైజెల్ మెగిన్నిస్ 545. 2002 జూలై 27 నుంచి 2009 ఏప్రిల్ 3 వరకు గల 2,442 రోజులలో బిరుదును ధరించిన పదిమంది వీరు. ఒక్కరి పేరైనా రెండవసారి రాలేదు. వీరిలో జో, డేనియల్సన్, మెగిన్నిస్ అనే ముగ్గురే 1,652 రోజులు, అంటే మొత్తం కాలంలో మూడింట రెండు వంతులకు పైగా బిరుదును నిలుపుకున్నారు. తక్కిన ఏడుగురు 790 రోజులను పంచుకున్నారు.

ఈ అమరిక ఛందస్సులోని గురులఘువులను స్ఫురింపజేస్తుంది. గురువులే వరుసగా వస్తే నడక మందగిస్తుంది. లఘువులే వస్తే నిలకడ ఉండదు. జో దీర్ఘపాలన తరువాత మూడు హ్రస్వపాలనలు, ఆ వెంటనే డేనియల్సన్ దీర్ఘపాలన, మళ్లీ హోమిసైడ్ స్వల్పకాలం: ఈ ఎత్తుపల్లాలే పట్టికకు నడకను సమకూర్చాయి. ఈ కాలంలో అత్యధిక భాగానికి బుకర్ గేబ్ సపోల్స్కీ. 2008 చివరిలో ఆయన వైదొలగే వరకు కథానిర్మాణం ప్రధానంగా ఆయనదే.

అయితే సంఖ్యలను మాత్రమే చదివితే ప్రమాదముంది. లో కీ 56 రోజులు, హోమిసైడ్ 56 రోజులు. పట్టిక దృష్టిలో ఇవి సమానాలు. కథ దృష్టిలో పరస్పర విరుద్ధాలు. లో కీని 2002 సెప్టెంబరు 21న జేవియర్ ఓడించినప్పుడు, అందరికన్నా సమర్థుడైన వాడి వద్దే బిరుదు ఉంటుందన్న నమ్మకం చెదిరింది. అది ఆరంభంలోనే ఎదురైన అపాయం. న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌కు చెందిన హోమిసైడ్ ఏళ్ల నిరీక్షణ తరువాత 2006 డిసెంబరు 23న సొంత నగరంలో డేనియల్సన్‌ను ఓడించాడు. అతని కథకు బిరుదు అందడమే ఫలాగమం. అందిన తరువాత చెప్పడానికి కథ మిగలలేదు. 2007 ఫిబ్రవరి 17న జపాన్ మల్లుడు మొరిషిమాకు అది చేరిపోయింది. కార్యసిద్ధి వద్ద ముగియవలసిన కథను మరో 56 రోజులు పొడిగించినట్లు అనిపించడం ఈ ఘట్టంలోని లోపం. నిరీక్షణను అంత ఓపికగా నిర్మించిన కథకుడు, నిరీక్షణ ఫలించిన మనిషికి తగిన జీవితాన్ని కల్పించలేకపోయాడు.

5. పట్టికలో చోటులేని ఘట్టాలు:

పట్టిక నమోదు చేసేది మార్పులను మాత్రమే. బిరుదు చేతులు మారని రాత్రికి అందులో స్థానం లేదు. జో పాలనలో అత్యంత ప్రసిద్ధమైన రెండు పోటీలు ఈ కారణంగానే పట్టికకు అందవు. 2004 జూన్ 12న ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో, అక్టోబరు 16న షికాగో సమీపంలో జో, పంక్ తలపడ్డారు. రెండుసార్లూ 60 నిమిషాల గడువు ముగిసినా గెలుపోటములు తేలలేదు. డిసెంబరు 4న జరిగిన మూడవ పోటీలో జో గెలిచాడు.

మూడు పోటీలలో పంక్ బిరుదుకు ఎంతో చేరువగా వచ్చాడు. కానీ సరిగ్గా 22 రోజుల తరువాత, డిసెంబరు 26న, జోను ఓడించినది ఆస్టిన్ ఏరీస్. అదే సంవత్సరం సంస్థలో అడుగుపెట్టిన యువకుడతడు. రెండు గంటలకు పైగా శ్రమించినవాడికి దక్కనిది వేరొకరికి దక్కింది. ఈ నిర్ణయంలో బుకర్ ప్రతిభ కనిపిస్తుంది. పంక్ చేతిలోనే జో ఓడి ఉంటే రెండు పేర్ల మధ్య కథ అక్కడికి సమాప్తమయ్యేది. ఏరీస్ గెలవడం వల్ల జో కథ ముగిసింది, పంక్ ఆకాంక్ష మాత్రం తీరకుండా మిగిలింది. ఆ ఆకాంక్షే తరువాతి వేసవికి బిందువైంది. పట్టికలో జో పేరు తరువాత ఏరీస్, ఏరీస్ తరువాత పంక్ అని మాత్రమే ఉంటుంది. 645 అనే సంఖ్యకు గౌరవం తెచ్చినవి పట్టిక చెప్పని ఆ డ్రాలే.

6. నిష్క్రమణలు – మిశ్రమ ఇతివృత్తం:

ఇతివృత్తాన్ని ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రమం అని మూడు విధాలుగా విభజించడం మన ఆలంకారిక సంప్రదాయం. రామరాజభూషణుడు 'వసుచరిత్ర' అవతారికలో కేవల కల్పనను కృత్రిమరత్నంతో, పూర్వకథను గనిలో పుట్టిన రత్నంతో పోల్చి, సానపట్టిన సహజరత్నం వంటి మిశ్రమ కథకు పెద్దపీట వేశాడు. రెజ్లింగ్ కథ మిశ్రమానికి ఆధునికమైన ఉదాహరణ. ఇక్కడ సహజరత్నం మల్లుడి శరీరమూ, అతని ఉద్యోగజీవితమూ. సాన బుకర్ కల్పన.

2005 వేసవిలో పంక్ డబ్ల్యూడబ్ల్యూఈతో ఒప్పందానికి సిద్ధమయ్యాడు. ఇది యథార్థం. జూన్ 18న న్యూజెర్సీలోని మోరిస్‌టౌన్‌లో ఏరీస్‌తో అతని పోటీ వీడ్కోలు పోటీ అని ప్రేక్షకులు భావించారు. వెళ్లిపోయేవాడు ఓడి వెళ్లడం ఆ రంగంలో ఆచారం. పంక్ గెలిచాడు. అంతవరకు తనను అభిమానించిన జనాన్నే ధిక్కరించి, బిరుదును తనతో తీసుకుపోతానని ప్రకటించాడు. ఆ బెల్టు మీదే కొత్త సంస్థ ఒప్పందపత్రాన్ని ఉంచి సంతకం చేశాడు. సంస్థకు నిజంగా ఉన్న భయం, అంటే పెద్ద సంస్థ తమ ఉత్తమ మల్లులను తీసుకుపోతుందన్న భయం, కథావస్తువుగా మారింది. ఆగస్టు 12న డేటన్‌లో నలుగురు తలపడిన పోటీలో గిబ్సన్ బిరుదును గెలిచి నిలబెట్టాడు. కానీ కొద్దికాలానికే గిబ్సన్ కూడా డబ్ల్యూడబ్ల్యూఈకి తిరిగి వెళ్లవలసి వచ్చింది. సెప్టెంబరు 17న అతని నుంచి డేనియల్సన్ దానిని గ్రహించాడు.

'ఓడిపోయాడు' అని పట్టిక చెప్పే చోట 'వెళ్లిపోయాడు' అని చదవవలసిన సందర్భాలు ఇవి. 2010 సెప్టెంబరు 11న రోడెరిక్ స్ట్రాంగ్ చేతిలో టైలర్ బ్లాక్ ఓడటం వెనుక ఉన్నదీ ఇదే కారణం. అనంతరం అతడు సేత్ రోలిన్స్‌గా ప్రసిద్ధుడయ్యాడు. చిన్న సంస్థ తయారుచేసిన మనిషిని పెద్ద సంస్థ తీసుకుపోయిన ప్రతిసారీ, ఆ నష్టాన్ని చిన్న సంస్థ ఒక కొత్త విజేత ఆగమనంగా నమోదు చేసుకుంది. తన నష్టాన్ని తానే కథగా మలుచుకోవడం ఈ పట్టికలోని అత్యంత మానవీయమైన గుణం. మరొక విశేషమేమంటే, 2011 జూలై 17న షికాగో సమీపంలో, తన ఒప్పందం ముగిసే రాత్రే డబ్ల్యూడబ్ల్యూఈ ఛాంపియన్‌షిప్‌ను పంక్ గెలిచాడు. స్వతంత్ర సంస్థలో పుట్టిన ఇతివృత్తాన్ని పెద్ద సంస్థ ఆరేళ్ల తరువాత స్వీకరించింది. మల్లులతో పాటు కథలు కూడా వలస వెళ్లాయి.

7. పాఠసమస్యలు:

తాళపత్ర గ్రంథాలను పరిష్కరించేవారికి పరిచయమైన సమస్యలు ఇక్కడా ఎదురవుతాయి. 2003 మే 17న లండన్‌లో జీబ్రా కిడ్ అనే మల్లుడిపై జో బిరుదును నిలుపుకోవడంతో, అమెరికా బయట కూడా పోటీ జరిగినందువల్ల అది 'ప్రపంచ' ఛాంపియన్‌షిప్ అయింది. అంటే లో కీ, జేవియర్ ధరించిన కాలంలో ఆ పేరులో ఆ మాట లేదు. ప్రపంచ ఛాంపియన్ల వరుసలో నేడు వారిద్దరూ మొదటి, రెండవ స్థానాలలో కనిపిస్తారు. తరువాతి హోదాను పూర్వులకు ఆరోపించడం రాజవంశ చరిత్రలలోనూ కనిపించే పద్ధతే.

రెండవ సమస్య 2021–22 నాటిది. 2021 డిసెంబరు 11న బండిడో తన బిరుదు కోసం పోటీ చేయవలసి ఉండగా కోవిడ్ కారణంగా రాలేకపోయాడు. జొనాథన్ గ్రెషమ్, జే లెథల్‌ల మధ్య పాత బెల్టు కోసం పోటీ జరిపారు, గ్రెషమ్ గెలిచాడు. ఒకే బిరుదుకు ఇద్దరు ధారకులు ఏర్పడ్డారు. 2022 ఏప్రిల్ 1న బండిడోను గ్రెషమ్ ఓడించడంతో ఈ సందిగ్ధం తీరింది. సంస్థ కార్యక్రమాలు నిలిచిపోవడం, 2022 మార్చిలో టోనీ ఖాన్ దానిని కొనుగోలు చేసినట్లు ప్రకటన రావడం ఈ మధ్యకాలంలోనే జరిగాయి. సంస్థకు కలిగిన చీలిక పాఠంలో పాఠాంతరంగా ప్రతిఫలించింది.

మూడవది శరీరానికి సంబంధించినది. 2013 జూలైలో జే బ్రిస్కో గాయం కారణంగా బిరుదు తొలిసారి ఖాళీ అయింది. సెప్టెంబరు 20న టోర్నమెంటు ద్వారా ఆడమ్ కోల్ దానిని పొందాడు. పదకొండేళ్ల వరుసలో అప్పటివరకు లేని ఆ ఖాళీ గడి, జయాపజయాలు కల్పితమైనా దెబ్బలు కల్పితం కావని చెప్పే సాక్ష్యం. డేనియల్సన్ 2006 చివరి నెలలలో భుజానికి గాయంతోనే బిరుదును కాపాడాడన్న సంగతిని 462 అనే సంఖ్య చెప్పదు. 2007లో మొరిషిమాతో పోటీలో అతని కంటికి కలిగిన తీవ్రమైన గాయమూ పట్టికకు ఎక్కదు.

8. లయభంగం:

2011లో సింక్లెయిర్ బ్రాడ్‌కాస్ట్ గ్రూప్ సంస్థను కొనుగోలు చేసింది. డీవీడీ కొనే ప్రేక్షకుడి స్థానంలో వారంవారం టెలివిజన్ చూసే ప్రేక్షకుడు వచ్చాడు. 2016 ఆగస్టు 19 నుంచి 2017 డిసెంబరు 15 వరకు గల 483 రోజులలో బిరుదు ఆరుసార్లు చేతులు మారింది. ఆడమ్ కోల్ నుంచి కైల్ ఓరైలీ, 33 రోజులలో తిరిగి కోల్, అతని నుంచి క్రిస్టఫర్ డేనియల్స్, ఆపై కోడీ, డాల్టన్ కాసిల్. ఒక్క డేనియల్సన్ పాలనకు దాదాపు సరిపోయే కాలంలో ఇన్ని మార్పులు! కోల్ మూడవసారి ధరించినది టోక్యోలో, 2017 జనవరి 4న. ఓరైలీ విజయం పాఠకుడి మనసులో స్థిరపడకముందే చెరిగిపోయింది.

దీర్ఘపాలన మాత్రమే గుణమని దీని అర్థం కాదు. ఈ వేగంలోనూ ఒక్క ఘట్టం నిలుస్తుంది. 2017 మార్చి 10న గెలిచిన డేనియల్స్, 2002లో చేయి కలపడానికి నిరాకరించిన డేనియల్సే. తొలిరాత్రి ప్రధాన పోటీలో పాల్గొన్నవాడి పేరు పదిహేనేళ్ల తరువాత పట్టికకెక్కింది. ధరించినది 105 రోజులే అయినా, అతని నిరీక్షణే ఆ ఘట్టానికి పరిమాణం. దీన్ని బట్టి పాలనాకాలంతో పాటు దానికి ముందున్న కాలాన్ని కూడా లెక్కించవలసి ఉంటుందని స్పష్టమవుతుంది.

9. ఒకే తేదీ – రెండు పేర్లు:

జే బ్రిస్కో తొలిసారి ఈ బిరుదును గెలిచినది 2013 ఏప్రిల్ 5న. సంస్థ తొలి ప్రదర్శనలోనే పోటీ చేసినవాడతడు. 2023 జనవరి 17న అతడు మరణించాడు. అతనితో కలసి ఏళ్ల తరబడి జంటగా పోరాడిన తమ్ముడు మార్క్ బ్రిస్కో 2024 ఏప్రిల్ 5న ఫిలడెల్ఫియాలో ఎడ్డీ కింగ్‌స్టన్‌ను ఓడించి అదే బిరుదును ధరించాడు. పట్టికలో ఈ రెండు పేర్ల మధ్య అనేక వరుసలున్నాయి. ఇద్దరూ అన్నదమ్ములని గాని, ఒకరు లేరని గాని ఆ గడులలో ఎక్కడా ఉండదు. నెల, తేదీ మాత్రం ఒక్కటే.

మార్క్ గెలవాలని ఎవరో ముందే నిర్ణయించారు. అందువల్ల ఆ విజయం అబద్ధమా? పోటీ ఫలితంగా చూస్తే అది కల్పన. నివాళిగా చూస్తే, నిర్ణయించి చేయడమే దానికి విలువ. తర్పణం యాదృచ్ఛికంగా జరగదు. తిథి చూసి చేస్తారు. ముందే నిర్ణయమైన ఫలితం అసత్యమని కొట్టివేసే దృష్టికి ఈ ఘట్టం అందదు.

10. ముగింపు:

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

1. ఛాంపియన్ల పట్టిక క్రీడాచరిత్ర, కల్పనాకథల మధ్య నిలిచే మిశ్రమ ఇతివృత్తం. తేదీలు, శరీరాలు, నిష్క్రమణలు యథార్థం, జయాపజయాలు నిర్మితం.

2. రెజ్లింగ్‌లో కాలగమనానికి ప్రాధాన్యం లేదన్న బార్త్ అభిప్రాయం ఒక్కొక్క పోటీకి వర్తించినా, బిరుదు చరిత్రకు వర్తించదు.

3. సంఖ్యలు సమానమైనంత మాత్రాన అర్థాలు సమానం కావు. 56 రోజుల రెండు పాలనలు ఇందుకు నిదర్శనం.

4. పట్టికలోని మౌనాలను చదవడం విమర్శకుడి విధి. డ్రాలు, గాయాలు, ఉద్యోగరీత్యా నిష్క్రమణలు ఆ మౌనాలలో ఉన్నాయి.

5. రింగ్ ఆఫ్ ఆనర్ తొలి పదిమంది వరుసలో కనిపించే లయ తరువాతి దశలో సడలింది. దీనికి ప్రేక్షకుడి స్వభావంలో, యాజమాన్యంలో వచ్చిన మార్పులు ప్రధాన కారణాలుగా భావించవచ్చు.

జనప్రియ ప్రదర్శనలను 'నిజమా, అబద్ధమా' అన్న ఒక్క ప్రశ్నతో కొలిచినంత కాలం వాటి నిర్మాణం మన విమర్శకు దూరంగానే ఉంటుంది. ఆ ప్రదర్శనల కోసం భుజాలనూ కళ్లనూ పణంగా పెట్టినవారి శ్రమ కూడా దూరంగానే ఉంటుంది. ఓడిపోవడానికి అంగీకరించి రంగస్థలం మీదికి వచ్చినవాడు లేకుంటే విజేతల పట్టికే ఉండదు. ఆ పట్టికను చదివేటప్పుడు ప్రతి పేరు పక్కన, అక్కడ రాయని రెండవ పేరును కూడా చదవడం అవసరం.